వ్యాసరాయల కళ్ళజోడు, మన ఒత్తులు

ఈసారి కళ్ళజోడు చరిత్ర.

మన పెద్దలు విజయనగర, నాయక రాజుల కాలంలో ఈ అరవ దేశానికి వచ్చారని చెప్పుకుంటాం గదా. కళ్ళజోడు మాట కూడా ఆ కాలంలోనే వినిపిస్తుంది. కృష్ణదేవరాయలు గౌరవించిన మధ్వ గురువు వ్యాసతీర్థులు సుమారు 1520లో కళ్ళజోడు పెట్టుకొని పుస్తకం చదివినట్టు సోమనాథ కవి సంస్కృతంలో రాసిన వ్యాసయోగిచరితంలో ఉంది. పి.కె. గోడె అనే పరిశోధకుడు దీన్ని ఎత్తి చూపించారు. గోవా పోర్చుగీసు వాళ్ళతో విజయనగరానికి గుర్రాల వ్యాపారం ఉండేది, ఆ దారినే వచ్చి ఉండాలి.

నలభై దాటితే కంటిలోని లెన్సు బిగుసుకుపోయి దగ్గరిది కనపడదు. దూరానికొకటి, చదువుకొకటి మోయాలి. అమెరికా బెంజమిన్ ఫ్రాంక్లిన్ విసిగిపోయి రెండు అద్దాలనూ అడ్డంగా కోయించి ఒకే ఫ్రేములో పెట్టించాడు. అప్పుడాయన ఫ్రాన్సులో ఉన్నాడు. కింది సగంలో కంచం, పై సగంలో ఎదుటివాళ్ళ మొహం. నోటి కదలిక కనపడితే ఫ్రెంచి మాట బాగా అర్థమవుతుందని 1785లో స్నేహితుడికి జాబు రాశాడు. ఇంటి భాష ఒకటి, ఊరి భాష ఒకటిగా బతికే మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

గీత లేకుండా పవరు మెల్లగా మారే అద్దానికి 1907లోనే ఇంగ్లండులో ఓవెన్ ఏవ్స్ పేటెంటు తీసుకున్నాడు. బజారులో నిలబడింది మాత్రం 1959లో ఫ్రాన్సు ఇంజనీరు బెర్నార్ మెత్నాజ్ తెచ్చిన వారిలక్స్. పైన దూరం, మధ్యలో సన్నని దారి, కింద చదువు. పక్కల మసక తప్పదు. రైల్వే కౌంటరులో లెడ్జరు, కిటికీ బయటి మనిషి, గోడ గడియారం మూడూ చూడాల్సిన రోజుల్లో నాకు ఇది లేదు, రిటైరయ్యాక వచ్చింది!

మొదటి వారం మెట్లు తేలినట్టుండేవి. గడ్డం ఎదకు దించి, అద్దం పై భాగంలోంచి చూసి దిగాలి. అరవ పేపరు తొందరగానే కుదిరింది. తెలుగు కుదరలేదు. అరవంలో ఒత్తులు లేవు, అక్షరం మీద చుక్క పెడితే సరి. మనకు లక్ష్మి, రాష్ట్రం అంటే కింద వేలాడతాయి. బడిలో అరవం చదివి, ఇంట్లో నాయన దగ్గర తెలుగు నేర్చినవాణ్ణి, ఒక్కొక్క ఒత్తూ చూసుకుంటేగాని ముందుకు పోలేను. పుస్తకం కాస్త కిందికి దించి, కన్ను కాకుండా తల తిప్పుతూ చదివితే పది రోజులకు పంక్తి నిలిచింది.

ఇంత ఎందుకంటే, మన ఇళ్ళల్లో తెలుగు చదవగలిగేవాళ్ళు చాలావరకు అరవై దాటినవాళ్ళే. మొన్న ఒక పెద్దాయన కొత్త జోడు కుదరలేదని పెట్టెలో పెట్టేశారు. వారి నాయనగారు తెలుగులో రాసిపెట్టిన నోటుబుక్కు చదవడానికి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు.

రెండు వారాలైనా కుదరకపోతే అద్దాల కొట్టుకు తిరిగి వెళ్ళండి. కంటిపాపకు ఎదురుగా పెట్టే గుర్తు కొద్ది మిల్లీమీటర్లు తప్పినా, ఫ్రేము ముక్కు మీద జారినా చదివే భాగం దొరకదు. వెళ్ళేటప్పుడు చేతిలో ఒక తెలుగు పుస్తకం పెట్టుకోండి. అక్కడ చదవమని ఇచ్చే అట్ట మీద ఉండేది అరవమూ ఇంగ్లీషే.