వాకాడు తీరంలో సెల్‌ఫోన్

వాకాడు స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మండల కేంద్రం, మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి స్వగ్రామం. అంతకుముందు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాకు మారింది. తూర్పున బంగాళాఖాతం. దుగరాజపట్నం, తూపిలిపాలెం వంటి ఊళ్లలో గంగపుత్రులకు వేటే బతుకుదెరువు. లోపలికి వస్తే వరి మళ్లు, రొయ్యల చెరువులు. 2016లో డేటా చవకైంది, అదే ఏడు యూపీఐ మొదలైంది. అప్పటినుంచి వేట, బేరం, సర్కారు పని, ఊరి కబుర్లు అన్నీ సెల్‌ఫోన్ చుట్టూ తిరుగుతున్నాయి. ఫోన్‌లోకి వచ్చే కబురు ఎవరు పంపారు, సమయానికి అందిందా, అర్థమయ్యే భాషలో ఉందా అన్నవే దానివల్ల మేలో ముప్పో తేలుస్తాయి.

ఉపగ్రహం నుంచి బోటుకు

ఈ తీరానికి దూరదేశాలతో సంబంధం పాతదే. ఇంగ్లీషువారు ఆర్మగాన్ అని పిలిచిన దుగరాజపట్నంలో ఈస్టిండియా కంపెనీ 1626 ప్రాంతంలోనే వర్తక స్థావరం పెట్టింది. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డేనే 1639లో మద్రాసు స్థలాన్ని సంపాదించాడు. అప్పట్లో లండన్‌కు ఉత్తరం చేరాలంటే ఓడలో నెలల ప్రయాణం.

ఇప్పుడు దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఉపగ్రహాలే ఈ తీరపు జాలరికి చేపల జాడ చెబుతున్నాయి. 2009 సెప్టెంబరు 23న ఓషన్‌శాట్-2, 2022 నవంబరు 26న ఓషన్‌శాట్-3 అక్కడి నుంచే నింగికెక్కాయి. సముద్రపు రంగును బట్టి నీటిలో పత్రహరితం ఎంతుందో ఇవి పసిగడతాయి. పత్రహరితం ఉన్నచోట కంటికి కనిపించనంత చిన్న వృక్షప్లవకాలు ఉంటాయి, వాటిని తినే జీవుల వెంట చేపలు చేరతాయి. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచులు కూడా ఇలాంటి తావులే. హైదరాబాద్‌లోని మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఈ వివరాలన్నీ జోడించి చేపలు దొరికే అవకాశమున్న చోట్లను ప్రకటిస్తుంది.

ఆ సూచన చూడటానికి చిన్నదే. ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతెంత, అక్షాంశ రేఖాంశాలేమిటి, అంతే. ఆ అంకెలను జీపీఎస్‌లో పెట్టుకుని బోటును నేరుగా అటు నడపొచ్చు. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది. అయితే మబ్బు పట్టిన రోజున ఉపగ్రహానికి సముద్రం కనిపించదు, సూచన రాదు. గాలి, అలల హెచ్చరికలు మాత్రం విడిగా వస్తుంటాయి.

బేరం

ఫోన్ వల్ల చేపల బేరం ఎలా మారుతుందో కేరళలో లెక్కకట్టి చూశారు. 1997-2001 మధ్య అక్కడి తీరానికి సెల్‌ఫోన్ వచ్చాక జరిగిన మార్పును ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించాడు. ఏ రేవులో ధర ఉందో నడిసముద్రంలోనే తెలియడంతో అమ్ముడుపోక పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గింది.

రొయ్యల రైతుకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. కిలోకు ఎన్ని తూగుతాయో అదే కౌంటు. 30 కౌంటు ధర వేరు, 100 కౌంటు ధర వేరు. ఆ రోజు ధరలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ వార్త చెరువు గట్టు మీదే రైతుల చెవిన పడింది. రాత్రివేళ నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. కరెంటు పోయి నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి పంట చేజారుతుంది. అందుకే సిమ్‌కార్డు ఉన్న మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. ఇంటి నుంచే మోటారు వేయొచ్చు, ఆపొచ్చు.

కానీ ధర తెలిసినంత మాత్రాన ఆ ధర చేతికి రాదు. వలకో ఇంజనుకో మేతకో వ్యాపారి దగ్గర ముందే డబ్బు తీసుకున్నవారు సరుకు అతనికే పోయాలి. ఆ కట్టు ఏ యాప్‌తోనూ తెగదు, చవకైన అప్పు దొరికితేనే తెగుతుంది.

సర్కారు పని, పుకారు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ కాలానికి ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో 20 వేల రూపాయలకు పెంచింది. ఆ సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అదే ఏడాది జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో ‘మన మిత్ర’ వాట్సాప్‌లో మొదలైంది. ధ్రువపత్రం కోసం ఒక రోజు కూలి పోగొట్టుకునే కుటుంబాలకు ఇది పెద్ద ఊరట.

అదే వాట్సాప్ ప్రాణం మీదికీ తెచ్చింది. 2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు, పార్థీ గ్యాంగ్ అంటూ రెండు తెలుగు రాష్ట్రాల్లో పుకార్లు పాకి అమాయకుల మీద దాడులు జరిగాయి. గద్వాలలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, డప్పు పాటలతో జనానికి నచ్చజెప్పించారు. అదే ఏడాది జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

సిగ్నల్ అందని చోట

తీరం నుంచి 10, 12 కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోన్ మూగబోతుంది. 2017 ఓఖీ తుపానులో ఇలా కబురందకే దక్షిణాది జాలర్లు ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత 2019 అక్టోబరులో ‘జెమిని’ పరికరం వచ్చింది. గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా హెచ్చరిక అందుకుని, బ్లూటూత్‌తో ఫోన్‌లో చూపిస్తుంది. అయితే అది హెచ్చరిక అందించేదే తప్ప ఆపదలో ఉన్నవాడి మాట ఒడ్డుకు చేర్చేది కాదు. 2024 ఆగస్టు 30న కేంద్రం ప్రారంభించిన పథకం లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చి ఆ లోటు తీర్చాలని చూస్తోంది. వీటితో రెండు వైపులా సందేశాలు నడుస్తాయి.

పెద్ద మరపడవలతో పాటు వాకాడు తీరపు ఫైబర్ బోట్లకూ ఇవి అందాలి. చదువురాని జాలరికి సందేశం తెలుగు గొంతుతో వినిపించాలి. ఈ రెండూ జరిగిన రోజునే ఈ సాంకేతికత తీరానికి పూర్తిగా చేరినట్టు.