తెరచాపలో చాప



ముప్పైయేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. చెప్పినదాంట్లో ఒక్క తప్పూ దొర్లలేదని ఏ ఉపాధ్యాయుడూ గుండెమీద చెయ్యి వేసుకొని అనలేడు. నేను చెప్పిన తప్పుల్లో ఒకటి ఈ మధ్య తార్నాకలోని మా ఇంటికి వెతుక్కుంటూ వచ్చింది. దాన్నీ, దాని వెనుక ఉన్న చరిత్రనూ ఈ టపాలో మనవి చేసుకుంటాను.

1986 ప్రాంతంలో ఎనిమిదో తరగతి పాఠంలో ‘తెరచాప’ అన్న మాట వచ్చింది. కుర్రతనపు పాండిత్యం కదా, పిల్లలకు విగ్రహవాక్యం చెప్పకుండా ఉండలేకపోయాను. తెర అంటే గుడ్డ, చాపము అంటే విల్లు, గాలికి విల్లులా వంగే గుడ్డ కనుక తెరచాప అన్నాను. వెనుక వరుసలో ఒక పిల్లవాడు లేచి, “మా అమ్మమ్మగారి ఊళ్ళో చాపంటే పడుకునే చాపేనండి” అన్నాడు. వాళ్ళ అమ్మమ్మది కాకినాడ దగ్గర సముద్రపుటొడ్డు పల్లె. తరగతి ఘొల్లుమంది. నేను వాణ్ణి గంట కొట్టేదాకా నిలబెట్టాను.

ఆ పిల్లవాడు ఓడలలో ఇంజనీరుగా పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నంలో స్థిరపడ్డాడు. ఇరవైరెండు అడుగుల తెరచాప పడవ ఒకటి కొనుక్కున్నాడు. కూతురు ఉస్మానియాలో ఎమ్మే చేరితే దింపడానికి వచ్చి, నన్ను చూడవచ్చాడు. సాయంత్రం ఇద్దరం విశ్వవిద్యాలయం ఆవరణలోకి నడిచి, ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద కూర్చున్నాం. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం ముందు ఎన్ని సాయంత్రాలు గడిపానో లెక్కలేదు. సముద్రం గురించి మాట్లాడుకోవడం మాత్రం అదే మొదలు.

“మాస్టారూ, కొత్త తెరచాపలు కుట్టించాలి. ఇద్దరు ధరలు చెప్పారు. ఒకరు విదేశంలో ఉన్నారు. కొలతలు పంపితే కుట్టి పంపిస్తారట, ధర తక్కువ. రెండోవారు మనదేశంవారే. స్వయంగా వచ్చి పడవను కొలిస్తేగాని గుడ్డకు కత్తెర పెట్టనంటున్నారు, ధర ఎక్కువ. ఏం చేయమంటారు?” అన్నాడు. కిందటేడు భీమిలి దగ్గర ఈదురుగాలికి పాత తెరచాప కుట్లు విడిపోయి, ఒడ్డు చేరేసరికి తలప్రాణం తోకకు వచ్చిందట. ఈసారి కాకినాడదాకా వెళ్ళాలని అతని కోరిక.

పడవ ఎక్కి ఎరగనివాణ్ణి నేనేం చెప్పను? మరునాడు ప్రాచ్యలిఖిత గ్రంథాలయం వైపు నడిచాను. అదీ ఆవరణలోనే ఉంది. పుస్తకాల ముందు కూర్చుంటే నాకు తెలిసిన దారి అదొక్కటే.

మొదట అమరకోశం తీశాను. వారివర్గంలో నావకు సంబంధించిన వరుస చక్కగా ఉంది. ఓడ వర్తకుడు సాంయాత్రికుడు, చుక్కాని పట్టేవాడు కర్ణధారుడు, స్తంభం కూపకం, తెడ్డు క్షేపణి. చివరికి నావలో చేరిన నీళ్ళు తోడిపోసే పాత్రకు కూడా సేచనమని పేరుంది. ఓడను నడిపించే గుడ్డకు మాత్రం ఆ వరుసలో పేరు లేదు. దాన్ని కుట్టేవాడికీ లేదు.

మన భాష అంత పిసినారి కాదు. తెర దేశ్యం, చాప దేశ్యం; కలిస్తే ఆచ్ఛిక సమాసం. సంస్కృత చాపమే అయితే తత్సమం గనుక ‘ము’ నిలిచి ‘తెరచాపము’ కావలసింది. పండిత పరీక్ష ప్యాసైన నాకు ఆనాడు ఈ చిన్న విషయం తట్టలేదు! ఇరుగుపొరుగు భాషలు చూస్తే ఇక సందేహమే లేదు. తమిళంలో ‘పాయ్’ అంటే పడుకునే చాపా, ఓడ తెరచాపా కూడా. ఓడ స్తంభం వారికి పాయ్‌మరం, అంటే చాపమాను. మలయాళంలో పాయ, కన్నడంలో హాయి. దక్షిణాది ఒడ్డున తొలి తెరచాపలు ఆకులతోనో నారతోనో అల్లిన చాపలేనని ఈ మాటలు సాక్ష్యం చెబుతున్నాయి. లంగరు పారసీకం, చుక్కాని అరబ్బీ సంబంధం గలది. అవి వర్తకంతో వచ్చాయి. తెరచాప మాత్రం మన గుడిసెలోంచి లేచి సముద్రంమీదికి వెళ్ళింది. కనుక ఆ పిల్లవాడి అమ్మమ్మ చెప్పిందే ఒప్పు, నేను చెప్పింది తప్పు.

చాప ఎప్పుడు గుడ్డగా మారిందో ఒక తేదీ వేసి చెప్పగలిగిన విషయం కాదు. మన దగ్గర గుడ్డకు కొదవ లేదన్నది మాత్రం నిజం. క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం ‘పెరిప్లస్’ మసలియా అనే తీరాన్ని పేర్కొని, అక్కడ నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయంటుంది. అది మన కృష్ణాతీరమే. శాతవాహనుల సీసపు నాణేలమీద రెండు స్తంభాల ఓడ కనిపిస్తుంది. నిజాం రాజ్యపు పురావస్తుశాఖ సంరక్షించిన అజంతాలో, 2వ గుహలో, మూడు స్తంభాల ఓడ ఉంది. దాని తెరచాపలు నిలువుగా, పొడుగ్గా ఉంటాయి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సముద్ర వ్యాపారి. ఆ కావ్యంలో కప్పలి, జోంగు వంటి ఓడల పేర్లు కూడా వినిపిస్తాయి.

ఇక మోటుపల్లి. నేటి బాపట్ల జిల్లాలో చినగంజాం మండలపు పల్లె. అక్కడి వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. పూర్వపు రాజులు తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం లాక్కునేవారట. ప్రాణంకంటె ధనం గొప్పదని ఎరిగినవాణ్ణి కనుక, న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టనని గణపతిదేవుడు అభయమిచ్చాడు. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు.

ఈ శాసనం పిల్లలకు చాలాసార్లు చెప్పాను. ఎప్పుడూ రాజు ఔదార్యం గురించే చెప్పాను. ఈసారి చదువుతుంటే మరో ఆలోచన కలిగింది. గాలికి తెరచాప చిరగడం, కుట్లు విడిపోవడం కూడా ఓడ అదుపుతప్పి ఒడ్డున పడడానికి కారణమే. రాజు మాట ఓడ ఒడ్డున పడ్డాక పనికివస్తుంది. అంతకుముందు పనికివచ్చేది కుట్టేవాడి సూది. శాసనాలలో రాజులున్నారు, సెట్లున్నారు, సుంకాలున్నాయి. సూది పట్టినవాడు లేడు.

కోరంగి, తాళ్ళరేవుల కథా ఇంతే. కొయ్య ఓడలు కట్టడంలో ఆ ప్రాంతానికి గొప్ప పేరు. 1789లోనూ, 1839 నవంబరులోనూ వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచెత్తాయి. రెండోదాని తరువాత ఆ రేవు మునుపటి వైభవాన్ని చూడలేదు. అయినా పక్కనున్న తాళ్ళరేవులో ఓడలు కట్టడం 20వ శతాబ్దందాకా సాగింది. కట్టిన ప్రతి ఓడకూ ఎవరో కొలిచి, ఎవరో కత్తిరించి, ఎవరో కుట్టే ఉంటారు కదా!

గుడ్డ మాటకు వస్తే, ఐరోపావారు చాలాకాలం నారగుడ్డనే తెరచాపలకు వాడారు. 1851లో ‘అమెరికా’ అనే పడవ ఇంగ్లండు వెళ్ళి పందెం గెలిచినప్పుడు దాని నూలు తెరచాపలు అందరి దృష్టినీ ఆకర్షించాయి. నారగుడ్డ సాగి సంచిలా వేలాడితే, నూలుగుడ్డ బిగువుగా నిలిచింది. నూలుకు తడి శత్రువు, బూజు పడుతుంది. 1941లో ఇంగ్లండులో పాలియెస్టరు దారం కనుగొన్నారు. మా కుర్రతనంలో పెళ్ళిళ్ళకు గర్వంగా తొడుక్కున్న టెరిలిన్ చొక్కా అదే! 1950లనాటికి ఆ దారంతో నేసిన గట్టి గుడ్డ తెరచాపలకు ఎక్కింది. దాన్ని తడి ఏమీ చేయదు గాని, ఎండ తింటుంది. గుడ్డకంటె ముందు కుట్టుదారం పోతుంది. మావాడి తెరచాపకు జరిగినది అదే.

రాత్రి భోజనాల దగ్గర అతను చెప్పినది నాకు కొత్త. తెరచాప ఒకే బల్లపరుపు గుడ్డ కాదట. పట్టీల అంచులను కాస్త వంపుగా కత్తిరించి కలిపి కుడితేనే దానికి పొట్ట వస్తుంది. ఆ పొట్ట ఎంత, ఎక్కడ ఉండాలన్నదే కుట్టేవాడి విద్య. పల్చని గాలికి కాస్త లోతుగా, పెనుగాలికి చదునుగా ఉండాలి. స్తంభం ఎంత వంగుతుందో చూడకుండా ఆ లెక్క కుదరదు. గాలి హెచ్చినప్పుడు తెరచాపను మడిచి చిన్నది చేసుకోవడానికి ఒక వరుస పట్టీలు చాలునా, రెండు వరుసలు కావాలా అన్నది మరో ప్రశ్న. మన హుస్సేన్‌సాగర్‌లో పోటీలకు దిగే లేజర్ పడవలకు ఈ బాధ లేదు. వాటి తెరచాప కొలతలన్నీ నియమావళి ప్రకారమే. ఎవరి పడవ వారిదైనప్పుడే ఈ తంటా అంతా.

“అయితే నాయనా, నీ ప్రశ్నకు నువ్వే జవాబు చెప్పావు. వచ్చి కొలుస్తానన్నవారిచేతనే కుట్టించుకో. కుట్టు విడిపోతే మళ్ళీ చూసేదీ వారే. మడత పట్టీలు రెండు వరుసలు పెట్టించు. బంగాళాఖాతం సంగతి కోరంగివారిని అడిగితే చెబుతారు” అన్నాను.

ఆ తరువాత 1986నాటి పాఠం ఎత్తి, “ఆ రోజు నువ్వే ఒప్పు. నిలబెట్టినందుకు ఏమీ అనుకోకు” అన్నాను. అతనికి ఆ సంగతి బాగా గుర్తుంది. నవ్వి, “అమ్మమ్మ బతికివుంటే సంతోషించేది మాస్టారూ” అన్నాడు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి 2018 మేలో తిరిగివచ్చిన ‘తారిణి’ యాభైఆరు అడుగుల తెరచాప పడవ. భూమిని చుట్టివచ్చిన ఆ ఆరుగురు నౌకాదళ మహిళలలో ఇద్దరు మన తెలుగువారు: విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. వారి పేర్లు చరిత్రలో ఉంటాయి, ఉండాలి కూడా. తెరచాపలు కుట్టిన చేతులకు ఆ భాగ్యం ఎన్నడూ తక్కువే.

అందుకే నాదొక విన్నపం. కోనసీమ, బందరు, భీమిలి, కళింగపట్నం వైపు మిత్రులారా! మీ ఊళ్ళలో తెరచాప భాగాలకు, దాన్ని కుట్టే పనికి, కుట్టేవారికి పెద్దవాళ్ళు ఏ మాటలు వాడేవారో అడిగి వ్యాఖ్యలలో రాయండి. నిఘంటువులో లేదని ఎవరినీ నిలబెట్టనని హామీ ఇస్తున్నాను.