నాపరాతి పొరలలో కాలగణనము

శ్రోతలలో పెక్కుమంది యిండ్లలో నాపరాయి పరచియుండును. పూర్వమొక సముద్రగర్భమున సున్నపుబురద పొరపై పొరగా పేరుకొని గట్టిపడుటచేతనే ఆ బండలు పలుచగా చీలుచున్నవి. ఆ పొరలు పేరుకొనుటకు ఎన్ని యేండ్లు పట్టెను?

విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప, కర్నూలు శిలలను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. శ్రీశైలపు గట్టి ఇసుకరాళ్లకును, నంద్యాల మట్టిరాళ్లకును ఆ యూళ్ల పేర్లే పెట్టి, ఏది క్రిందిదో, ఏది పైదో నిర్ణయించెను. ఏండ్లు లెక్కించు సాధనము మాత్రము ఆనాడు లేదు.

1895లో అమెరికా దేశీయుడగు గిల్బర్టు, కొలరాడోలో సున్నపురాయియు మట్టిరాయియు ఒకదాని తరువాత నొకటి మరల మరల వచ్చుట చూచి, అది భూగమనపు గుర్తని తలంచెను. ఆ గమనము మనకు క్రొత్తది కాదు. సూర్యుడు ఉత్తరమునకు మరలుట డిసెంబరు 22 ప్రాంతమున. మనము సంక్రాంతి జరుపుకొనుట జనవరి నడుమ. ఈ తేడాకు అయనచలనమే కారణము. భూమి అక్షము బొంగరపు తలవలె సుమారు 26,000 ఏండ్లకొక చుట్టు తిరుగును. కక్ష్యయు మెల్లగా తిరుగుటచేత, ఋతువులపై దీని ప్రభావము 19,000 మొదలు 23,000 ఏండ్లకొకసారి మరల వచ్చును. అక్షపు వాలు 41,000 ఏండ్లకును, కక్ష్య ఆకారము సుమారు లక్ష, 4,05,000 ఏండ్లకును మారుచుండును. ఎండవానలు మారగా, సముద్రమున చేరు మట్టియు మారును.

సెర్బియా దేశపు మిలాంకోవిచ్ ఈ గణితమును 1941లో సమగ్రముగా ప్రకటించెను. 1976లో హేస్, ఇంబ్రీ, షాకల్‌టన్‌లు హిందూమహాసముద్రపు అడుగుమట్టిలో ఈ ఆవృత్తులనే కనుగొనిరి.

అట్లని నాపరాతి పొరలను వ్రేళ్లపై లెక్కింపరాదు. తుఫానులును, ఆటుపోటులును పొరలు వేయును. ప్రాచీనకాలమున చంద్రుడు చేరువనుండుటచే అయనచలనము వేగముగా సాగెను. గురుశుక్రుల ఆకర్షణచే కలుగు 4,05,000 ఏండ్ల ఆవృత్తియే ఎక్కువ నమ్మదగినది. నడుమ పుటలును చిరిగినవి: కడప శిలలు కొంత కోసుకొనిపోయిన పిమ్మటనే కర్నూలు శిలలు వానిపై పరచుకొనెను. పైగా ఆవృత్తులు వ్యవధిని మాత్రమే చెప్పును; వయస్సు చెప్పుటకు అగ్నిశిల కావలెను. పులివెందుల వద్ద కడప పొరలలో చొచ్చుకొనిన అగ్నిశిలకు సుమారు 188 కోట్ల ఏండ్లని, యురేనియము సీసముగా మారుటనుబట్టి, 2008లో తేల్చిరి. ఆ పొరలు అంతకంటె పాతవి.

గనిగోడపై ఈ పొరలన్నియు వరుసగా కనబడును. బండ తీసి యింటికి చేర్చినంతనే, దాని పైదేదో క్రిందిదేదో తెలియకపోవును. ఆ వరుసయే కాలపు లెక్క. కనుక బండ కదలక మునుపే గోడను కొలిచి, పొరపొరను వ్రాసియుంచుట మన విధి.