గవర్నమెంటు స్కూలు పిల్లలకు రోయింగ్: బడికీ నీటికీ మధ్య ఉండాల్సిన క్లబ్బు

పల్నాడు జిల్లాకు ఉత్తరం వైపు హద్దు కృష్ణానదే. మాచర్ల మండలం విజయపురి సౌత్ దగ్గర నాగార్జునసాగర్ జలాశయం ఉంది. దాని దిగువన సత్రశాల, ఆ తర్వాత దాచేపల్లి వైపు నది, చివర పులిచింతల ప్రాజెక్టు వెనక నిలిచే నీళ్లు. ఒకప్పుడు ఈ సీమ నీటి కరువును శ్రీనాథుడు చాటువుల్లో ఎగతాళి చేశాడంటారు. ఇప్పుడు నీళ్లకు కొదవ లేదు. కానీ మాచర్ల, గురజాల, నరసరావుపేట పిల్లలకు నీళ్ల మీద ఆట అంటే ఇప్పటికీ ఎండాకాలం సాగర్ కాలువలో దూకడమే. ఆ దూకడంలో ప్రాణాలు పోయిన వార్తలు కూడా అందరికీ తెలిసినవే.

అదే నీళ్ల మీద, లైఫ్ జాకెట్ వేసుకుని, కోచ్ కళ్ల ముందు నేర్చుకునే ఆట ఒకటుంది. దాని పేరు రోయింగ్. ఒలింపిక్స్‌లో పాత ఆటల్లో ఒకటి. గవర్నమెంటు స్కూలు పిల్లలకు ఇది ఎలా చేరుతుంది, ఎక్కడ చేరింది, పల్నాడులో చేరాలంటే ఏం కావాలి అన్నదే ఇక్కడ విషయం.

అసలు ఈ ఆట ఏంటి?

కృష్ణలో చేపలు పట్టేవాళ్లు పుట్టి వేసుకుని ముందుకు చూస్తూ తెడ్డు వేస్తారు. రోయింగ్‌లో దీనికి రివర్స్. ఆడేవాళ్లు పడవ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. కూర్చునే పీట చిన్న చక్రాల మీద ముందుకూ వెనక్కీ జరుగుతుంది. పాదాలు బిగించి, కాళ్లతో తన్ని, నడుము, చేతులు లాగి తెడ్డు తిప్పాలి. చూసేవాళ్లకు చేతుల ఆట అనిపిస్తుంది గానీ బలంలో ఎక్కువ పాలు కాళ్లదే. ఒక్కొక్కరికి రెండు తెడ్లుంటే స్కల్లింగ్ అంటారు, ఒక్క తెడ్డే ఉంటే స్వీప్. ఒక్కరు నడిపే పడవ దగ్గర దగ్గర 8 మీటర్ల పొడవు ఉంటుంది. బరువు మాత్రం పోటీ రూల్స్ ప్రకారం కనీసం 14 కిలోలు, అంటే సిమెంటు బస్తాలో మూడో వంతు కూడా కాదు. ఎనిమిది మంది లాగే పెద్ద పడవలో కాక్స్ అని ఇంకొకరు కూర్చుని దారి చూపిస్తారు. మామూలుగా పోటీ దూరం 2000 మీటర్లు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మాత్రం 1500.

ఈ పడవ ఖరీదు లక్షల్లో ఉంటుంది. పెట్టుకోవడానికి షెడ్డు కావాలి, దించడానికి జెట్టీ కావాలి, వెంట తిరగడానికి మోటారు బోటు, కోచ్ కావాలి. ఇది ఏ ఒక్క జిల్లాపరిషత్ హైస్కూలూ మోయగలిగేది కాదు. అందుకే ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ ఆట డబ్బున్న కాలేజీల్లోనో, పాత క్లబ్బుల్లోనో ఉండిపోయింది. మన దేశంలోనూ అంతే. కలకత్తా రోయింగ్ క్లబ్బు 1858 నాటిది, మద్రాసు బోట్ క్లబ్బు 1867 నాటిది. రెండూ తెల్లదొరల కాలంలో పుట్టినవే. మామూలు ఇళ్ల పిల్లలు ఆ గేటు దాటాలంటే ఒకటే దారి: క్లబ్బు తన పడవల్ని, కోచ్‌ని దగ్గర్లోని బడికి అప్పివ్వాలి, బడి తన పిల్లల్ని వారానికి ఇన్ని గంటలని పంపాలి.

లండన్‌లో జరిగింది

బ్రిటన్‌లో 1990ల చివర్లో రోయింగ్ సంఘం ప్రాజెక్ట్ ఓర్సమ్ అనే పథకం పెట్టి ఊళ్లలోని క్లబ్బులను గవర్నమెంటు స్కూళ్లతో కలిపింది. 2004లో లండన్ యూత్ రోయింగ్ అనే స్వచ్ఛంద సంస్థ వచ్చింది. వీళ్లు ముందు పిల్లల్ని నీళ్ల దగ్గరకు తీసుకెళ్లరు. స్కూలు హాల్లోనే రోయింగ్ మెషిన్లు పెడతారు. కదిలే పీట, లాగే గొలుసు, ఎంత దూరం లాగారో చూపించే చిన్న తెర ఉంటాయి. దీన్ని ఎర్గోమీటర్ అంటారు, ఆటగాళ్ల భాషలో ఎర్గ్. ఇంగ్లిషు వస్తుందా, ఏ ఇంటి పిల్ల అన్నది ఆ తెర అడగదు. దాని మీద బాగా లాగినవాళ్లను, ఆసక్తి ఉన్నవాళ్లను తర్వాత క్లబ్బుకు, నీళ్ల మీదకు పంపుతారు.

బడిలోనే పిల్లల్ని పరీక్షించి ఆటలోకి తీసుకోవడానికి అక్కడ ఇంకో పథకం కూడా ఉండేది, వరల్డ్ క్లాస్ స్టార్ట్. దాని వల్ల బయటపడ్డ పేరు ముహమ్మద్ స్బీహీ. తండ్రి మొరాకో మనిషి. 15 ఏళ్ల వయసులో, మామూలు గవర్నమెంటు స్కూల్లో చదువుతుండగా ఆ పథకం వాళ్లు వచ్చి ఎత్తు, చేతుల పొడవు, బలం కొలిచి ఎంపిక చేశారు. అప్పటిదాకా అతనికి రోయింగ్‌తో సంబంధమే లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2016 రియోలో బంగారం, టోక్యోలో మళ్లీ కాంస్యం గెలిచాడు. టోక్యో ప్రారంభోత్సవంలో బ్రిటన్ జెండా పట్టుకున్న ఇద్దరిలో ఒకడు. బ్రిటన్ ఒలింపిక్ జెండా మోసిన మొదటి ముస్లిం అతనే.

లండన్ ఒలింపిక్స్ జరిగింది రంజాన్ నెలలో. పోటీ రోజుల్లో రోజా ఉండడం కుదరదని, తప్పిన ఒక్కో రోజాకు 60 మంది చొప్పున మొరాకోలోని పేదలకు భోజనాల ఏర్పాటు చేశాడు. ఇది అతను పెద్దల్ని అడిగి తీసుకున్న నిర్ణయం. ఇలాంటి విషయంలో ఏ ఇంటివాళ్లు ఆ ఇంటికి నమ్మకమున్న ఆలిమ్‌ను అడగాల్సిందే. దీన్ వదిలేస్తేనే ఆటలో పైకి వస్తారన్న మాట నిజం కాదని మాత్రం అతని జీవితం చూస్తే తెలుస్తుంది.

హుస్సేన్ సాగర్ మీద

మనకు దగ్గర్లో ఈ పద్ధతి బాగా నడిచింది రోయింగ్‌లో కాదు, దాని చుట్టమైన సెయిలింగ్‌లో. అంటే తెరచాప పడవ. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ చేతుల మీదుగా తయారైన హుస్సేన్ సాగర్‌లో చాలాకాలం తెరచాప పడవలు మిలిటరీవాళ్లకు, పెద్దింటివాళ్లకు మాత్రమే అన్నట్టు ఉండేది. 2009లో సుహేమ్ షేక్ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మొదలుపెట్టారు. ఈ క్లబ్బు బస్తీ పిల్లల వైపు తిరిగింది. రసూల్‌పురాలో ఐఐఎం అహ్మదాబాద్ పూర్వ విద్యార్థులు నడిపే ఉద్భవ్ స్కూలు పిల్లలు, గురుకుల పిల్లలు అక్కడ పడవ ఎక్కారు. ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవలో ఒక్క పిల్లవాడే కూర్చుంటాడు, 15 ఏళ్ల లోపు వాళ్లదే ఆ పోటీ. సముద్రం ముఖం చూడని ఇళ్ల పిల్లలు కొన్నేళ్లలోనే జాతీయ పోటీల్లో మెడల్స్ తెచ్చారు. ఈ క్లబ్బులో ఎదిగిన కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో మిక్స్‌డ్ విభాగంలో సుధాంశు శేఖర్‌తో కలిసి దేశం తరఫున పడవ నడిపింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చెరువు 450 ఏళ్లుగా అక్కడే ఉంది, బస్తీ కూడా దాని పక్కనే ఉంది. మధ్యలో లేనిది క్లబ్బు. అది రాగానే పిల్లలు దొరికారు. పల్నాడు పరిస్థితి కూడా సరిగ్గా అదే.

కరువు ఊరి నుంచి బంగారం దాకా

నీళ్లు చూడని ఊరి పిల్లలకు ఈ ఆట ఎందుకు అనేవాళ్లకు దత్తు భోకనల్ పేరు చెప్పాలి. మహారాష్ట్ర నాసిక్ జిల్లాలో కరువు ఊరు తళేగావ్ రోహీ అతనిది. తండ్రితో కలిసి బావులు తవ్విన కుర్రాడు. 2012లో ఆర్మీలో చేరాకే తెడ్డు పట్టాడు. నాలుగేళ్లకు రియో ఒలింపిక్స్‌లో ఒంటరి పడవ పోటీలో 13వ స్థానం, 2018 ఏషియన్ గేమ్స్‌లో నలుగురి పడవలో బంగారం. మన దేశపు రోయింగ్ మెడల్స్ వెనక ఎక్కువగా ఉన్నది పుణెలోని ఆర్మీ శిక్షణే. 2010లో ఏషియన్ గేమ్స్‌లో మొదటి రోయింగ్ బంగారం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ కూడా జవానే. ఆడపిల్లలకు కేరళలోని అలప్పుళ, ఒడిశాలోని జగత్‌పూర్‌లలో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా సెంటర్లు ఉన్నాయి. ఎంపికైతే హాస్టలు, తిండి, కోచింగ్ వాళ్లవే.

ఉద్యోగం సంగతి కూడా చూడాలి, ఇళ్లలో ముందు వచ్చే ప్రశ్న అదే గదా. ఆంధ్రప్రదేశ్ స్పోర్ట్స్ పాలసీ 2024-29 ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఆర్మీ, రైల్వే, పోలీసు శాఖల్లో ఆటగాళ్ల భర్తీ వేరే ఉంటుంది. పది మంది ఆడే ఆట కంటే తక్కువ మంది ఆడే ఆటలో రాష్ట్ర జట్టులోకి వెళ్లడం కొంత తేలిక. ఇది కోచ్‌లు పైకి చెప్పని లెక్క. అలాగని తెడ్డు పట్టిన ప్రతి పిల్లకూ ఉద్యోగం వస్తుందనుకోవడం పొరపాటు.

భయం, బట్టలు, నమాజ్

నీళ్లంటే తల్లిదండ్రులకు ఉన్న భయం ఉత్త భయం కాదు. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో, 2019 సెప్టెంబర్‌లో గోదావరిపై కచ్చులూరు దగ్గర పడవలు మునిగి పదుల మంది చనిపోయారు. ఆ తర్వాతే రాష్ట్రంలో బోటింగ్ కంట్రోల్ రూమ్‌లు వచ్చాయి. కానీ కిక్కిరిసిన టూరిస్టు బోటు వేరు, ఇద్దరు పిల్లలకు ఒక కోచ్ బోటు వెంట ఉండే శిక్షణ వేరు. బ్రిటన్ క్లబ్బుల్లో నీళ్ల మీదకు పంపేముందు కనీసం 50 మీటర్లు ఈదగలగాలని చూస్తారు. ఈత రాని పిల్లను పడవ ఎక్కించే క్లబ్బు ఎంత పేరున్నదైనా ఆ గేటు నుంచే వెనక్కి తిరిగి రావడం మంచిది.

ఆడపిల్లల బట్టల విషయానికి వస్తే, ఇరాన్ రోయర్ హోమా హుస్సేనీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో తన దేశపు జెండా పట్టుకుని నడిచింది, హిజాబ్‌తోనే పోటీ పడింది. టోక్యోలో నాజనీన్ మలాయీ కూడా అంతే. ఒళ్లంతా కప్పే బిగుతు లేని బట్ట తెడ్డుకు చిక్కుకోకుండా ఉంటే చాలు, ఆటకు అడ్డం రాదు. కశ్మీర్‌లో దాల్ లేక్ మీద ఎదిగిన బిల్కీస్ మీర్ కయాకింగ్, కనోయింగ్ ఆడి, కోచ్ అయి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో జ్యూరీ సభ్యురాలిగా కూర్చుంది. లేడీ కోచ్ ఉన్నారా, బట్టలు మార్చుకునే గది వేరే ఉందా, రాకపోకలకు బస్సుందా అని అమ్మీలు అడగడంలో తప్పేం లేదు. ఈ మూడింటికీ జవాబు లేని చోట ఆడపిల్లలు నెల తిరక్కుండా మానేస్తారు.

నమాజ్ వేళలతో ఈ ఆటకు పేచీ తక్కువ. గాలి లేని నీళ్లు దొరికేది తెల్లవారుజామునే, అంటే ఫజర్ చదువుకుని బయల్దేరితే సరిపోతుంది. సాయంత్రం శిక్షణ కూడా చీకటి పడకముందే ముగించాలి కాబట్టి మగ్రిబ్‌కు ఇల్లు చేరవచ్చు.

పల్నాడులో ఎక్కడ?

కాలువలు మాత్రం కాదు. సాగర్ కుడి కాలువలో నీటి వడి ఎక్కువ, గట్లు జారుతాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సత్రశాల, దాచేపల్లి వైపు నదిలో పైనుంచి ఎప్పుడు నీళ్లు వదిలితే అప్పుడు మట్టం మారిపోతుంది. కుదిరే చోటు విజయపురి సౌత్. నాగార్జునకొండకు లాంచీలు వెళ్లేది అక్కడినుంచే కాబట్టి జెట్టీ ఉంది, బోట్లు నడిపే సిబ్బంది ఉన్నారు. ఏపీ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ కూడా ఆ ఊళ్లోనే ఉంది, హాస్టల్ పిల్లలకు రాకపోకల బాధ లేదు. అయితే పెద్ద జలాశయంలో మధ్యాహ్నం గాలి లేస్తే అలలు వస్తాయి. సన్నటి రేసు పడవకు అది పనికిరాదు, వెడల్పు పడవలతో గట్టు పక్కనే మొదలుపెట్టాలి. నీటిపారుదల శాఖ, టూరిజం శాఖ అనుమతులు తప్పవు. పక్కనే టైగర్ రిజర్వు కాబట్టి అటవీ శాఖను కూడా అడగాలి.

నరసరావుపేట నుంచి రోజూ అక్కడికి పోయి రావడం అయ్యే పని కాదు. అక్కడి మున్సిపల్ స్కూళ్లకు, ఉర్దూ మీడియం స్కూళ్లకు సరిపోయేది లండన్ పద్ధతే: ఒక గదిలో రెండు మూడు ఎర్గ్ మెషిన్లు, వారానికి రెండు పీరియడ్లు, దగ్గర్లో ఈత నేర్చుకునే ఏర్పాటు. పీఈటీ సార్ ఒక్కరికి కోచింగ్ ఇప్పిస్తే బండి కదులుతుంది. సెలవుల్లో మాత్రం పిల్లల్ని సాగర్‌కు తీసుకెళ్లి పదిహేను రోజుల క్యాంపు పెట్టొచ్చు. ఇలాంటి దానికి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో తీర్మానం చేసి, హెడ్మాస్టర్ ద్వారా జిల్లా క్రీడాభివృద్ధి అధికారికి అర్జీ పంపాలి. ఆ కమిటీల్లో ఎక్కువ మంది మెంబర్లు తల్లిదండ్రులే. అర్జీలో పిల్లల సంఖ్య, ఆడపిల్లలు ఎందరు, ఈత వచ్చినవాళ్లు ఎందరు అన్న మూడు అంకెలు రాసి పంపితే, ఏ క్లబ్బుతో మాట్లాడాలన్నా ఆఫీసువాళ్లకు చేతిలో కాగితం ఉంటుంది.