స్లాటు నుంచి స్తంభం దాకా

1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ నేలకూల్చింది. అదే ఏడాది అమెరికాలో త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ అనే గ్రాఫిక్స్ కార్డు తెచ్చింది. ఇంటెల్ గ్రాఫిక్స్ కోసమే ఏజీపీ అనే స్లాటును ప్రకటించింది. ఆ తుపానుకూ ఈ కార్డులకూ ముడి ఏమిటంటే, అప్పటికి ఏమీ లేదు. వూడూ కార్డు కూర్చునే పీసీఐ స్లాటు ఇవ్వగలిగిందే పాతిక వాట్లు. అంతలోనే దాని పని సాగిపోయేది. ముడి తర్వాత పడింది. గ్రాఫిక్స్ కార్డు చరిత్రను బొమ్మల నాణ్యతతో కొలవడం అందరికీ అలవాటు. సఖినేటిపల్లి లాంటి ఊరి నుంచి చూస్తే మాత్రం దాన్ని కరెంటుతో కొలవాలి. ఒక పక్క వశిష్ఠ గోదావరి, దిగువన అంతర్వేది, ఆపైన సముద్రం. తీగ పొడుగయ్యేకొద్దీ వోల్టేజి తగ్గుతుంది కాబట్టి, ఇలాంటి మూలన ఉన్నవాళ్లకు కార్డు ఎంత లాగుతుందన్నదే మొదటి ప్రశ్న కావాలి. నరసాపురం రేవులో పంటు ఎక్కే బండికి చూసేది బరువే కానీ రంగు కాదు కదా.

ఆ బరువు ఎలా పెరిగిందో చూడండి. 2000లో వచ్చిన వూడూ5 కార్డుకు స్లాటు కరెంటు చాలక, హార్డ్ డిస్కుకు పెట్టే తీగనే దానికీ తగిలించాల్సి వచ్చింది. 2002లో ఏటీఐ రేడియాన్ 9700 ప్రో ఫ్లాపీ డ్రైవు తీగ అడిగింది. 2004లో ఎన్విడియా తన జీఫోర్స్ 6800 అల్ట్రాకు 480 వాట్ల ఎస్ఎంపీఎస్, అంటే కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె, ఉండాలని సూచించింది. అదే కాలంలో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు హద్దును 75 వాట్లకు పెంచింది. చాలకపోతే ఆరు పిన్నుల తీగ ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతే 150. ఈ హద్దులను తయారీదార్లే దాటిన సందర్భం ఉంది: 2016లో ఏఎండీ ఆర్ఎక్స్ 480 స్లాటు నుంచే ఉండాల్సినదానికి మించి లాగుతోందని తేలి, కంపెనీ డ్రైవరు మార్చి సర్దుకుంది. 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090 లెక్క 450 వాట్లు. దాని కొత్త కనెక్టర్లు కొన్ని కరిగిపోతే, సరిగా గుచ్చకపోవడం వల్లేనని ఎన్విడియా చెప్పింది.

ఎస్ఎంపీఎస్ మీద అచ్చేసిన అంకె ఇంకో కథ. 1995లో ఏటీఎక్స్ పద్ధతి వచ్చినప్పుడు కంప్యూటరు భారం ఎక్కువగా 5, 3.3 వోల్టుల మీద ఉండేది. పెంటియం 4తో ప్రాసెసరు 12 వోల్టులకు మారింది, పెద్ద గ్రాఫిక్స్ కార్డులూ అదే దారి పట్టాయి. చవక ఎస్ఎంపీఎస్‌ల మీద మాత్రం మొత్తం కూడిన అంకెనే పెద్ద అక్షరాలతో వేస్తూ వచ్చారు. పెట్టె మీద 450 అని ఉన్నా, పక్కనున్న చిన్న పట్టీలో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లే ఉంటే కార్డుకూ ప్రాసెసరుకూ కలిపి దొరికేది 192 వాట్లు. చూడాల్సింది ఆ పట్టీనే.

తెలుగువాళ్లకు ఇలాంటి లెక్క కొత్తదేమీ కాదు. 1990లలో దక్షిణాది గ్రిడ్డు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాల్సింది తరచూ 49 కంటే కిందికి జారేది. సాయంత్రమైతే వోల్టేజి కూడా పడి బల్బు గుడ్డిగా వెలిగేది, మోటారు ములిగేది, ట్యూబులైటు కొట్టుకునేది. ఇంట్లో వస్తువులే వోల్టేజి మీటర్లు. ఆ కష్టానికే టీవీకి, ఫ్రిజ్‌కి స్టెబిలైజరు పెట్టుకునేవారు. కంప్యూటరు ఈ సైగలు చేయదు. వోల్టేజి పడినా కార్డు అడిగిన వాట్లను ఎస్ఎంపీఎస్ తగ్గించదు. ఆంపియర్లు పెంచి మరీ లాగుతుంది. 300 వాట్ల భారానికి 230 వోల్టుల దగ్గర 1.3 ఆంపియర్లు చాలితే, 160 దగ్గర దాదాపు 1.9 కావాలి. తీగలో పుట్టే వేడి రెట్టింపవుతుంది. తెర మీద బొమ్మ మాత్రం ఎప్పటిలాగే మెరుస్తూ ఉంటుంది.

ఇదంతా పాత సంగతి అనేవారున్నారు. వాళ్ల మాటలో నిజం ఉంది. 2013 చివరి రోజున దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిసింది. మంచి ఎస్ఎంపీఎస్‌లు ఇప్పుడు 100 నుంచి 240 వోల్టుల వరకూ ఓర్చుకుంటాయి. పదిహేను వందల వాట్ల ఏసీ నడిచే ఇంట్లో 450 వాట్ల కార్డుకు భయమెందుకన్న ప్రశ్న ఇంకా బలమైనది. నిజానికి ఇంటి తీగకు రెండు ఆంపియర్లు ఒక లెక్కే కాదు. అయితే ఏసీకి విడిగా తీగ లాగి, ఎంసీబీ పెట్టి, స్టెబిలైజరు బిగిస్తాం. కంప్యూటరేమో వదులుగా ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, మానిటరుతో, ప్రింటరుతో కలిసి వేలాడుతుంది. అన్నిటికంటే ముందు లొంగేది యూపీఎస్. దాని మీద 600 అని రాసి ఉండేది వీఏ. వాట్లలో చూస్తే మామూలుగా 360. పెళ్లి వీడియో మిక్సింగు చేసే స్టూడియోలో కొత్త కార్డు బిగించాక కరెంటు పోయిన మరుక్షణం సిస్టమ్ ఆరిపోతే, తప్పు కార్డుదని అనుకోవడం సహజం. కార్డుకు ఏ పాపమూ తెలియదు.

పెద్ద కార్డే కొనాలన్న నియమమూ లేదు. ఈ చరిత్రలో ఎదురు నడిచిన పాయ ఒకటుంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. 2014లో జీఫోర్స్ జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లతో, అదనపు తీగ లేకుండా వచ్చింది. 2016 నాటి 1050 టీఐ స్లాటు ఇచ్చే 75 దాటలేదు. 2024లో వచ్చిన ఆరు జీబీల ఆర్‌టీఎక్స్ 3050ది 70 వాట్ల లెక్క. మామూలు ప్రాసెసరు, మానిటరు కలిపి కూడినా ఆ పాత 600 వీఏ యూపీఎస్ దాన్ని మోస్తుంది, ఫైలు సేవ్ చేసుకునేంతసేపు.