పంజరం అడుగున ముడుచుకున్న పిట్ట: పెంపుడు పక్షుల జబ్బులు ఎలా గుర్తుపట్టాలి, ముందు ఏం చేయాలి

"పొద్దున దాకా బాగానే ఉంది, సాయంత్రానికి చచ్చిపోయింది." పిట్టలు పెంచే ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. నిజానికి చాలాసార్లు అది పొద్దున కూడా బాగాలేదు. నాలుగైదు రోజులుగా జబ్బుతోనే ఉంది, మనకు కనపడనివ్వలేదు. అడవిలో నీరసంగా కనిపించే పక్షినే డేగ ముందు ఎత్తుకుపోతుంది. అందుకని ఒంట్లో బాగాలేకపోయినా పక్షి కొమ్మ మీదే కూర్చుంటుంది, గింజలు కొరుకుతూ తింటున్నట్టే ఉంటుంది. పంజరంలో పుట్టి పెరిగినా ఈ గుణం పోదు. ఇక దాచుకునే ఓపిక లేనప్పుడే ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగుకు దిగుతుంది. అంటే మనం మొదటిసారి గమనించే రోజుకే జబ్బు ముదిరి ఉంటుంది.

పాల్వంచ లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ సంగతి ఇంకా ముఖ్యం. ఇక్కడి పశువైద్యం ఎక్కువగా గేదెలు, మేకలు, కోళ్ల కోసం నడుస్తుంది. పిట్టల వైద్యంలో ప్రత్యేక అనుభవం ఉన్న డాక్టర్ కావాలంటే చాలామంది దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ వైపే చూడాలి. ఒక రోజు ముందు కనిపెడితే పిట్ట బతకొచ్చు. ఒక రోజు ఆలస్యమైతే దారిలోనే పోవచ్చు.

ముందు పేరు సంగతి. మనవాళ్లు "లవ్ బర్డ్స్" అని తెచ్చుకునేవి ఎక్కువగా బడ్జీలు, ఆస్ట్రేలియా జాతి చిన్న చిలకలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, కొంచెం బొద్దుగా, పొట్టి తోకతో ఉంటాయి. డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పేటప్పుడు ఈ తేడా తెలిస్తే మంచిది, మందు మోతాదు పక్షి బరువును బట్టి మారుతుంది.

రోజూ చూడాల్సింది రెట్ట. పంజరం అడుగున పాత న్యూస్‌పేపర్ వేసి, పొద్దున్నే మార్చండి. మంచి రెట్టలో మూడు భాగాలుంటాయి: పచ్చగానో గోధుమ రంగుగానో గట్టి భాగం, తెల్లటి సున్నం లాంటిది, చుట్టూ కాస్త నీరు. దోసకాయ ముక్కో పండో తిన్న రోజు నీరు ఎక్కువ కావడం మామూలే. తెల్ల భాగం పసుపుగానో ఆకుపచ్చగానో మారితే కాలేయం మీద అనుమానం. నల్లగా తారులా ఉంటే లోపల రక్తం పోతున్నట్టు. గింజలు అరగకుండా అలాగే బయటికి వస్తుంటే, పిట్ట ఎంత తిన్నా ఎండిపోతుంటే, కడుపులో జబ్బుంది. రెట్టలు సగానికి తగ్గిపోతే అది తినడం లేదని అర్థం. గిన్నెలో గింజలు నిండుగా కనిపిస్తున్నాయి కదా అనుకోవద్దు, ఊది చూడండి. చాలాసార్లు పైన ఉన్నదంతా పొట్టే.

రెండోది బరువు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా చాలు. మామూలు బడ్జీ 30 నుంచి 40 గ్రాములుంటుంది. 35 గ్రాముల పిట్ట 31కి వచ్చిందంటే పదో వంతుకు పైగా పోయినట్టు, 60 కిలోల మనిషి ఏడు కిలోలు చిక్కినట్టు. ఈకల కింద మన కంటికి అది కనపడదు. వారానికోసారి చిన్న డబ్బాలో పెట్టి తూచి, క్యాలెండర్ మీద రాసుకోండి. కాటా లేకపోతే ఛాతీ మధ్య ఎముకను వేలితో మెల్లగా తడిమి చూడండి. కత్తి అంచులా తగిలితే పిట్ట బాగా చిక్కిపోయింది.

ఇక కనపడగానే కదలాల్సిన గుర్తులు: కూర్చున్నప్పుడు ప్రతి ఊపిరికీ తోక కిందికీ పైకీ ఊగడం, ఎండ లేకపోయినా నోరు తెరిచి శ్వాస తీయడం, ఊపిరిలో టిక్ టిక్ చప్పుడు, పగలంతా కళ్లు మూసుకుని ఉండటం, పట్టు తప్పి కొమ్మ మీద నుంచి పడటం. వీటిలో ఏది కనపడినా "రేపు చూద్దాం" అనుకోకూడదు.

జబ్బు పిట్టకు అన్నిటికంటే ముందు కావాల్సింది వెచ్చదనం. ఈకలు ఉబ్బించుకుందంటే ఒంట్లో వేడి నిలుపుకోలేక అవస్థ పడుతోంది, ఉన్న కాస్త శక్తీ దానికే పోతోంది. ఒక అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, లోపల మెత్తని గుడ్డ పరిచి పిట్టను అందులో ఉంచండి. పెట్టెకు ఒక పక్క, బయట, 40 వాట్ల పాత రకం బల్బు వెలిగించండి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. లోపల 30 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. రెండో పక్క చల్లగా వదలాలి, వేడి ఎక్కువైతే పిట్ట జరగడానికి. గింజలు, నీళ్లు అడుగునే, నోటికందేలా పెట్టండి. మిగతా పిట్టల నుంచి వేరు చేసి, పిల్లల సందడి లేని గదిలో ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు. ప్రేమతో పోసిన నాలుగు చుక్కలే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తాయి. పట్టుకునేటప్పుడు ఛాతీని నొక్కకండి. పక్షికి మనలా ఉదరవితానం లేదు, ఛాతీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది.

మనవాళ్లు ఎక్కువగా చేసే పని, కోళ్ల మందుల షాపు నుంచి పసుపు రంగు యాంటీబయాటిక్ పొడి తెచ్చి నీళ్లలో కలపడం. జబ్బు పిట్ట నీళ్లు తక్కువ తాగుతుంది కాబట్టి మందు సరిపడా ఒంట్లోకి చేరదు, ఆరోగ్యంగా ఉన్నవి మాత్రం తాగేస్తాయి. జబ్బు బ్యాక్టీరియాది కాకపోతే ఆ పొడి పనే చేయదు. పిల్లలకు వేసే జ్వరం సిరప్‌లు కూడా వద్దు.

పొగ విషయం కాస్త ఎక్కువగా చెప్పాలి. బొగ్గు గనుల పక్కన బతికేవాళ్లం కాబట్టి మనకు ఇది త్వరగా అర్థమవుతుంది. బ్రిటన్ గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కానరీ పిట్టల్ని వాడారు. మనిషికి తెలిసేలోపే పిట్ట తూలిపోయేది. పక్షి ఊపిరితిత్తుల వెంట ఒళ్లంతా గాలి సంచులుంటాయి, లోపలికి తీసే ఊపిరిలోనూ వదిలే ఊపిరిలోనూ దానికి గాలి అందుతుంది. ఎగరడానికి అది వరం, పొగలో అదే శాపం. గురువారం సాయంత్రం లోబాన్, ఊద్, అగర్‌బత్తీలు, దోమల కాయిల్, బాత్రూమ్ కడిగే యాసిడ్ ఘాటు, కొత్త పెయింట్, ఇవేవీ పిట్ట ఉన్న గదిలో వద్దు. లోబాన్ వేసేటప్పుడు పంజరం ఇంకో గదిలోకి మార్చి, తలుపు వేసి, పొగ పోయాక తెచ్చుకోండి. అన్నిటికంటే ప్రమాదం నాన్‌స్టిక్ పెనం. ఖాళీ పెనం పొయ్యి మీద మరిచిపోతే బాగా కాలి, వాసన కూడా లేని విషవాయువు వదులుతుంది. మనకు ఏమీ అనిపించకపోవచ్చు, పిట్టలు నిమిషాల్లో రాలిపోతాయి. పంజరాన్ని వంటింట్లో పెట్టకూడదు.

ఎండాకాలం సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కొత్తగూడెం, భద్రాచలం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పిట్టకు చెమట పట్టదు. రెక్కలు ఒంటికి దూరంగా చాపి, నోరు తెరిచి రొప్పుతుంటే వడదెబ్బ. రేకుల ఇంట్లో మధ్యాహ్నం పంజరాన్ని పైకప్పు దగ్గర వేలాడదీయొద్దు, వేడంతా అక్కడే ఉంటుంది. వడ తగిలితే నీడకు మార్చి, కాళ్ల మీద, రెక్కల కింద మామూలు నీళ్లు చిలకరించండి. ఐసు నీళ్లు వద్దు.

ఆడ పిట్ట పంజరం అడుగున కాళ్లు ఎడం చేసి, తోక కొట్టుకుంటూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. కాల్షియం తక్కువైన పిట్టల్లో ఇది ఎక్కువ. వేడితో పాటు గదిలో తేమ ఉండేలా చూసి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నొక్కి తీయబోతే గుడ్డు లోపలే పగిలి పిట్ట చచ్చిపోతుంది. సముద్రపు నురుగు (దాదీలు సమందర్ ఝాగ్ అంటారు) ముక్క ఎప్పుడూ పంజరానికి కట్టి ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కొర్రలు, సజ్జలు మాత్రమే పెట్టినా లోపాలు వస్తాయి. పాలకూర, క్యారెట్ తురుము, మునగాకు కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. చాక్లెట్, చాయ్, అవకాడో విషం. జింక్ పూత వేసిన కొత్త తీగ పంజరాన్ని వెనిగర్‌తో రుద్ది కడిగాకే పిట్టను వదలండి, పూత గీకి తింటే అదీ విషమే.

కబూతర్లు పెంచే ఇళ్లలో మెడ మెలితిరిగిపోవడం, తల వెనక్కి వాలడం, ఆకుపచ్చ నీళ్ల రెట్ట కనపడితే అది వైరస్ జబ్బు. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులుకు, అంటే రాణిఖేత్‌కు, దగ్గరిది. దీనికి మందు లేదు, టీకానే దారి. అంటుకున్నదాన్ని వేరు చేసి ఓపికగా చేతితో తినిపిస్తే కొన్ని కోలుకుంటాయి. గొంతులో పసుపు రంగు జున్ను లాంటిది కనపడితే అది వేరే జబ్బు, మందుకు తగ్గుతుంది. దాన్ని గోకి తీయొద్దు, రక్తం కారుతుంది.

కొన్ని జబ్బులు మనకూ వస్తాయి. చిలకలు, పావురాల నుంచి వచ్చే సిటకోసిస్‌లో మనిషికి జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తాయి. డాక్సీసైక్లిన్ లాంటి మందుతో నయమవుతుంది కానీ, ఇంట్లో పిట్టలున్నాయని డాక్టర్‌కు మీరు చెబితేనే ఆ ఆలోచన వస్తుంది. కబూతర్‌ఖానా ఊడ్చిన కొన్ని గంటలకు ఆయాసం, దగ్గు వచ్చేవాళ్లు అది జలుబని వదిలేయకూడదు. రెట్టల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ముందు నీళ్లు చల్లి, మాస్క్ కట్టుకుని శుభ్రం చేయండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది, మన జిల్లా సరిహద్దుకు అది దూరమేమీ కాదు. కాకులో కోళ్లో గుంపుగా చచ్చి కనపడితే ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పాలి. బాగా ఉడికిన మాంసంతో భయం లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రోజు రెట్టలున్న పేపర్ మడిచి తీసుకెళ్లండి, పిట్ట ఊపిరి తీసే తీరు ఫోన్‌లో వీడియో తీయండి. కొత్తవాళ్లను చూడగానే అది మళ్లీ బాగున్నట్టు నటిస్తుంది. దగ్గరలో ఎవరూ లేకపోతే 1962 పశు ఆరోగ్య సేవకు ఫోన్ చేసి అడగొచ్చు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది.

ఒకవేళ పిట్ట పోతే లోతుగా పాతిపెట్టి, పంజరం బ్లీచింగ్‌తో కడిగి ఎండలో ఆరబెట్టండి. పిల్లలకు "ఎగిరిపోయింది" అని చెప్పొద్దు, రోజుల తరబడి కిటికీ దగ్గర నిలబడతారు. తన చిన్న పిట్ట పోయి దిగులుగా ఉన్న అబూ ఉమైర్ అనే పిల్లాడిని ప్రవక్త (స) దాని పేరెత్తి మరీ పలకరించారని హదీసుల్లో ఉంది.

చివరగా రామచిలక. కిన్నెరసాని అడవి పక్కనే ఉన్నాం కాబట్టి ఎండలు ముదరకముందే గూళ్లలోంచి తీసిన చిలక పిల్లలు అమ్మకానికి వస్తుంటాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం కూడా నేరమే. బడ్జీలకు ఈ చట్టం అడ్డు కాదు. ఈకలు రాని ఆ పిల్లలు అన్నం మెతుకులతో బతకవు, ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే గుడ్డ పరిచిన పెట్టెలో వెచ్చగా ఉంచి, అదే రోజు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అప్పగించండి.