స్ప్రేయరు వాషరు

స్ప్రేయరు వాషరు అనగా పైరుపై పురుగుమందు చల్లే స్ప్రేయరులో రెండు భాగాలు కలిసే చోట ద్రవం బయటికి కారకుండా అడ్డుకొనే మెత్తని బిళ్ళ లేదా వలయం. వీటిని రబ్బరు, తోలు, ప్లాస్టిక్కులతో తయారు చేస్తారు. పత్తి, మిరప విస్తారంగా పండే గుంటూరు, ప్రకాశం జిల్లాలలోను, 2022లో ఈ ప్రాంతం నుండి ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలలోను స్ప్రేయరు రైతులు నిత్యం వాడే పనిముట్టు. స్ప్రేయరు వెలతో పోలిస్తే వాషరు వెల చాలా స్వల్పం. అయితే స్ప్రేయరును వీపున మోస్తారు కనుక, వాషరు పాడైనపుడు కారిన మందు మోసే మనిషి ఒంటిపైనే పడుతుంది. అందుచేత వాషరును సకాలంలో మార్చడం యంత్రపు మరమ్మతు మాత్రమే గాక ఆరోగ్య రక్షణ కూడా.

నేపథ్యం

కృష్ణా నదికి దక్షిణాన ఉన్న నల్లరేగడి నేలలలో పత్తి, మిరప ప్రధాన వాణిజ్య పంటలు. పత్తిని సాధారణంగా జూన్, జూలై నెలలలో విత్తుతారు. మిరప నారును ఆగస్టు నుండి అక్టోబరు వరకు నాటి, జనవరి నుండి ఏప్రిల్ వరకు కాయలు కోస్తారు. పత్తిని శనగపచ్చ పురుగు, గులాబీరంగు పురుగు, తెల్లదోమ, పచ్చదోమ ఆశిస్తాయి. మిరపను తామర పురుగులు, నల్లి, కాయతొలుచు పురుగులు ఆశిస్తాయి.

1980లలో ఈ ప్రాంతపు పత్తి చేలలో పురుగుమందుల వాడకం బాగా పెరిగింది. 1987-88 ప్రాంతంలో తెల్లదోమ ఉధృతమై రైతులు తీవ్రంగా నష్టపోయారు. అప్పులపాలైన కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. 2002లో భారత ప్రభుత్వం బీటీ పత్తికి అనుమతి ఇచ్చిన తరువాత కూడా రసం పీల్చే పురుగులకు మందు చల్లవలసిన అవసరం తొలగిపోలేదు. 2021లో త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త రకం తామర పురుగు మిరప తోటలను పెద్ద ఎత్తున దెబ్బతీసినపుడు రైతులు పలుమార్లు మందులు చల్లవలసి వచ్చింది. మందు చల్లే సార్లు పెరిగిన కొద్దీ స్ప్రేయరు వాషర్ల అరుగుదల, మనిషిపై మందు పడే అవకాశం రెండూ పెరుగుతాయి.

స్ప్రేయరులో వాషర్లు ఉండే చోట్లు

వీపున మోసే చేతి స్ప్రేయరులో ముఖ్య భాగాలు ట్యాంకు, పంపు, పీడనపు గది, రబ్బరు పైపు, ట్రిగ్గరు, పొడవాటి గొట్టం, నాజిల్. ట్యాంకులో సాధారణంగా 10 నుండి 20 లీటర్ల ద్రవం పడుతుంది. మీటను కొట్టినపుడు పంపు లోపల 2 నుండి 4 కిలోగ్రాములు/చదరపు సెంటీమీటరు వరకు పీడనం ఏర్పడుతుంది. బ్యాటరీ స్ప్రేయరులో మీటకు బదులు చిన్న మోటారు ఉంటుంది. రైతులు తైవాన్ స్ప్రేయర్లని పిలిచే ఇంజను స్ప్రేయర్లలో పీడనం ఇంకా ఎక్కువగా ఉంటుంది. వాషర్లు ముఖ్యంగా ఈ క్రింది చోట్ల ఉంటాయి.

* ట్యాంకు మూత: మూత క్రింద వెడల్పాటి రబ్బరు వలయం ఉంటుంది. ఇది పాడైతే మనిషి వంగినపుడు మందు మెడపైన, వీపుపైన ఒలుకుతుంది.
* పంపు: పిస్టను చివర గిన్నె ఆకారంలో కప్పు వాషరు ఉంటుంది. ఇది అరిగినపుడు చాలాసార్లు బయటికి ఏమీ కారదు. ఎంత కొట్టినా పీడనం రాకపోవడమే గుర్తు.
* ట్యాంకు అడుగు: పీడనపు గది, రబ్బరు పైపు ట్యాంకుకు బిగిసే చోట వాషర్లుంటాయి. ఇక్కడి లీకు నేరుగా నడుముపై పడుతుంది.
* ట్రిగ్గరు: మందును ఆపి వదిలే కడ్డీ చుట్టూ చిన్న ఓ-రింగులుంటాయి. ఇవి పాడైతే చేయి తడుస్తుంది.
* నాజిల్: నాజిల్ మూత లోపల పలుచని వాషరు ఉంటుంది. ఇది పాడైతే సన్నని తుంపరకు బదులు పెద్ద చుక్కలు రాలి, మందు వృథా అవుతుంది.

పనిచేసే తీరు

మరలు ఎంత బిగించినా వాటి నడుమ సన్నని సందు మిగులుతుంది. ఆ సందును మూసేది మర కాదు, వాషరు. బల్లపరుపు వాషరు రెండు తలాల నడుమ నలిగి వాటి గరుకుదనాన్ని పూడుస్తుంది. ఓ-రింగు గుండ్రని గాడిలో కూర్చుంటుంది. కదలని కీలులో దాని మందం సుమారు 15 నుండి 30 శాతం నలిగేటట్లు గాడిని తయారు చేస్తారు. ద్రవపు పీడనం రింగును గాడిలో అవతలి గోడకు నెట్టడం వలన పీడనం పెరిగిన కొద్దీ అది మరింత గట్టిగా హత్తుకుంటుంది. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1937లో దీని పేటెంటుకు దరఖాస్తు చేయగా 1939లో మంజూరైంది.

కప్పు వాషరులో పీడనం గిన్నె అంచులను బయటికి విప్పి సిలిండరు గోడకు ఒత్తుతుంది. అందువలన దానిని తిరగవేసి అమర్చితే పంపు పనిచేయదు.

పదార్థాలు

* తోలు: పాత పంపులలో కప్పు వాషర్లు తోలువి. తోలు ఎండితే ముడుచుకుంటుంది కనుక అమర్చే ముందు నూనెలో నానబెడతారు.
* సహజ రబ్బరు: సాగే గుణం ఎక్కువ. నూనెలు, పెట్రోలియం ద్రావకాలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.
* నైట్రైల్ రబ్బరు: నూనెలకు, డీజిలుకు బాగా తట్టుకుంటుంది. జైలీన్ వంటి ద్రావకాలలో ఉబ్బుతుంది.
* ఈపీడీఎం రబ్బరు: నీటికి, ఎండకు, వేడికి బాగా తట్టుకుంటుంది. నూనెలకు పనికిరాదు.
* వైటాన్: నూనెలకు, జైలీన్ వంటి ద్రావకాలకు తట్టుకుంటుంది. మిగిలిన రబ్బర్లకంటే వెల ఎక్కువ.

పురుగుమందు డబ్బాపై ఈసీ అని ఉంటే, అందులో మందుతోపాటు నీటిలో పాలవలె కలిసేందుకు ద్రావకాలు, ఎమల్సిఫయర్లు ఉన్నట్లు అర్థం. నీటిని మాత్రమే తట్టుకొనే వాషరు ఇటువంటి మందులకు త్వరగా పాడవుతుంది.

పాడవడానికి కారణాలు

ద్రావకాల వలన ఉబ్బడం, కదిలే చోట అరగడం, మురికి నీటిలోని ఇసుక గీసుకోవడం, అతిగా బిగించడం వలన నలిగిపోవడం ముఖ్య కారణాలు. చాలాకాలం నలిగి ఉన్న రింగు తిరిగి గుండ్రంగా కాక, చప్పిడిగా మిగిలిపోతుంది. అటువంటి రింగు పైకి బాగానే కనిపించినా ద్రవాన్ని ఆపలేదు.

ఈ ప్రాంతంలో వేసవి కూడా ఒక కారణం. మిరప కోతలు ముగిసిన తరువాత స్ప్రేయరు తరచుగా తొలకరి వరకు మూలన ఉండిపోతుంది. మే నెలలో పల్నాడులోని రెంటచింతల వంటి చోట్ల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కలదు. కడగకుండా వదిలిన మందు లోపలే గడ్డకట్టగా, వేడికి రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది. అందుచేత జూన్‌లో మొదటి మందు కలపడానికి ముందే వాషర్లన్నిటినీ చూసుకోవలసి ఉంటుంది.

లీకు వలన ప్రమాదం

మందు చల్లేవారి శరీరంలోకి విషం ప్రధానంగా చర్మం ద్వారా చేరుతుంది. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే లీకును ఉదాహరణగా తీసుకోవచ్చు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు కనుక గంటకు 180 మిల్లీలీటర్లు, 5 గంటలలో 900 మిల్లీలీటర్లు కారుతుంది. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపిన మందైతే, అందులో అసలు మందు 1.8 మిల్లీలీటర్లు. ఈ మందంతా ఒకేచోట బట్టను తడిపి, గంటల తరబడి చర్మానికి అంటుకొని ఉంటుంది.

కారే చోటు కూడా ముఖ్యమే. 1971లో హోవార్డ్ మైబాక్ బృందం పారాథియాన్ అనే మందుపై ప్రచురించిన పరిశోధన ప్రకారం, ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణాల చర్మం దాదాపు 12 రెట్లు ఎక్కువగా మందును పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున కారిన మందు నడుము మీదుగా అటే జారుతుంది. చేతులకు తొడుగులు వేసుకున్నవారికి కూడా ఈ లీకు నుండి రక్షణ ఉండదు.

ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల పనికి అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. తలనొప్పి, వికారం, వాంతులు, విపరీతమైన చెమట, నోట చొంగ, కంటిపాపలు చిన్నవి కావడం, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం దీని లక్షణాలు. ఇవి కనిపిస్తే తడిసిన బట్టలు వెంటనే విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు చల్లుతూ విషప్రభావానికి లోనై 20 మందికి పైగా మరణించారు.

1968 నాటి పురుగుమందుల చట్టాన్ని అనుసరించి 1971లో చేసిన నిబంధనల ప్రకారం, డబ్బాపై విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉండాలి. ఎరుపు అన్నిటికంటే తీవ్రమైనది. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ వస్తాయి.

వాషరు మార్చే పద్ధతి

# ట్యాంకును ఖాళీ చేసి, మంచినీటితో మూడుసార్లు కడిగి, ప్రతిసారీ కొంత నీటిని నాజిల్ గుండా వదలాలి. ఈ నీటిని మందు చల్లిన చేలోనే పారబోయాలి. కాలువలో గాని, బావి దగ్గర గాని పోయరాదు.
# ట్రిగ్గరు నొక్కి లోపలి పీడనాన్ని పూర్తిగా వదలాలి. పీడనం ఉండగా ఏ కీలునూ విప్పరాదు.
# రబ్బరు తొడుగులు వేసుకొని కీలును విప్పి, భాగాలను విప్పిన వరుసలోనే ఒక గుడ్డపై పేర్చాలి.
# పాత వాషరును పదునులేని పుల్లతో తీయాలి. సూది, కత్తి మొన వాడితే గాడి గీసుకొనిపోయి, కొత్త వాషరు కూడా కారుతుంది.
# గాడిని సబ్బునీటితో కడిగి, ఇసుక, పాత రబ్బరు ముక్కలు లేకుండా తుడవాలి. ప్లాస్టిక్ భాగంలో బీట ఉంటే వాషరు మార్చినా ప్రయోజనం ఉండదు. ఆ భాగాన్నే మార్చాలి.
# పాత వాషరును దుకాణానికి తీసుకొని వెళ్ళి వ్యాసం, మందం రెండూ సరిపోయేది కొనాలి. పాతది ఉబ్బి ఉంటే దాని కొలతను నమ్మక, స్ప్రేయరు రకం చెప్పి అడగాలి.
# కొత్త రింగుకు కొద్దిగా సబ్బునీరు లేదా సిలికోన్ గ్రీజు రాసి, మెలిపడకుండా కూర్చోబెట్టాలి.
# ప్లాస్టిక్ మరలను చేతితోనే బిగించాలి.
# మంచినీరు పోసి, పూర్తి పీడనం వచ్చేవరకు కొట్టి, ట్రిగ్గరు మూసి పది నిమిషాలు ఉంచాలి. ప్రతి కీలునూ పొడిగుడ్డతో తుడిచి తడి చూడాలి. ఎక్కడా తడి లేనపుడే మందు కలపాలి.

చేలో ఉండగా లీకు కనిపిస్తే స్ప్రేయరును వెంటనే దించి, తడిసిన బట్టలు మార్చుకొని ఒళ్ళు కడుక్కోవాలి. నాజిల్‌ను నోటితో ఊదరాదు.

తాత్కాలిక మరమ్మతులు

సమయానికి వాషరు దొరకనపుడు సైకిలు ట్యూబు ముక్కను కత్తిరించి పెట్టడం, మరకు నూలుదారం గాని, పాలిథీన్ కాగితం గాని చుట్టడం వంటివి చేస్తారు. ట్యూబు రబ్బరు ఈసీ మందులలోని ద్రావకాలకు ఉబ్బుతుంది. దారం మందును పీల్చుకొని నెమ్మదిగా వదులుతూనే ఉంటుంది. తెల్లని టెఫ్లాన్ టేపుకు మందులు తగిలినా నష్టం లేదు కాని, అది మరపైనే ద్రవాన్ని ఆపే కీళ్ళకు మాత్రమే పనికివస్తుంది. ఓ-రింగు ఉండవలసిన చోట రింగుకు ప్రత్యామ్నాయం కాదు. ముఖ్యమైన వాషర్లను ఒక జత అదనంగా కొని, ఎండ తగలని చోట ఉంచుకోవడం దీనికి పరిష్కారం.

ఇతర యంత్రాలలో

ఇవే రబ్బరు వలయాలు వేరే పనులకు కూడా వాడుతారు. బిందు సేద్యంలో సన్నని పైపు పెద్ద పైపుతో కలిసే చోట రబ్బరు గ్రోమెట్టు ఉంటుంది. నీటితో చల్లబరిచే కంప్యూటర్లలో పంపు, రేడియేటరు, ప్రాసెసరుపై ఉండే లోహపు దిమ్మె పైపులతో కలిసే చోట పావు అంగుళపు మర కల ఫిట్టింగులుంటాయి. అక్కడ కూడా ద్రవాన్ని ఆపేది మర కాదు, దాని మెడలోని ఓ-రింగు. అది కారితే ద్రవం సర్క్యూటు బోర్డుపై పడుతుంది. కనుక రింగు మార్చిన తరువాత కంప్యూటరుకు విద్యుత్తు ఇవ్వకుండా, పంపును మాత్రమే కొన్ని గంటలు నడిపి, కీళ్ళ క్రింద పరచిన కాగితం తడిసిందేమో చూస్తారు. మందు కలిపే ముందు స్ప్రేయరును మంచినీటితో పరీక్షించడం కూడా ఇటువంటిదే.

ఇవి కూడా చూడండి

* పత్తి
* మిరప
* పురుగుమందులు
* బిందు సేద్యం